ఆర్కిడ్‌కు పోసిన మంచినీళ్లు

ఆ చెట్టును చూస్తేనే హనుమక్క మొహం తిప్పుకునేది. చెట్టా అది? కుండీలో మట్టి లేదు, ఎరువు లేదు. బొగ్గులూ పెంకుముక్కలూ పోసి వాటి మీద నిలబెట్టారు. తెల్లటి వేళ్లు ఏలికపాముల్లా కుండీ బయటికి వేలాడేవి. దాని పేరు ఆర్కిడ్ అట. కంబదూరులో వేరుశనగ మిల్లు నడిపే తిప్పేస్వామి భార్య సుంకమ్మ దాన్ని బెంగళూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

అది అరవై ఐదు నాటి కరువు. ఊరి బావిలో ఉప్పునీళ్లు. మంచినీళ్లున్నది మిల్లువాళ్ల బావిలోనే. వాళ్లింట్లో అంట్లు తోమినందుకు హనుమక్కకు రోజూ ఒక బిందె ఇచ్చేవారు. ఉప్పునీళ్లు తాగితే ఆమె నాయన శివప్పకు వాంతులు. ఆ బిందె ఆగితే ముసలాయన బతకడు.

సుంకమ్మ పుట్టింటికి పోతూ చెప్పింది. "వారానికొక తూరి తడిపితే చాలు. యేర్లకు గాలాడల్ల. నేనొచ్చేతలికి చెట్టు సచ్చిందా, నీ బిందె మర్సిపో."

హనుమక్కకు రోత పుట్టింది. బావి ఉన్న ప్రతివాళ్లూ అనే మాటే కదా, నీళ్లు తక్కువ వాడమని. ఛీ, చెట్టు నోటి దగ్గర కూడా పిసినారితనమేనా అనుకుంది.

ఎండలకు ఆకులు ముడతలు పడ్డాయి. హనుమక్క శనక్కాయ చేలల్లో పెరిగిన మనిషి. పూత తర్వాత శనక్కాయ చెట్టు ఊడలు దించుతుంది, అవి మట్టిలో దిగకపోతే కాయ ఉండదు. ఈ వేళ్లూ మట్టికోసమే వేలాడుతున్నాయనుకుని చేని మట్టి తెచ్చి నిండా కప్పింది. తిప్పేస్వామి రెండో బిందె తోడనివ్వడు. అందుకని తన బిందెలోంచే పొద్దునా సాయంత్రం ఒక్కో చెంబు పోసింది. ఇంటికి పోయి, తగ్గిన నీళ్లకు ఉప్పునీళ్లు కలిపింది.

"ఏమ్మే, నీళ్లు ఉప్పగుండాయే?" అన్నాడు శివప్ప.

"జరమొచ్చిన నోరు నాయనా, అట్లే ఉంటాది."

ఆయన తాగినదంతా కక్కుతుంటే హనుమక్క ఎత్తిపోసేది. ఆకులు పసుపెక్కి మొదలు మెత్తబడింది. ఇంకా దప్పిక తీరలేదు కాబోలని ఆ పాడు చెట్టుకు మరో చెంబు పోసింది.

సుంకమ్మ తిరిగొచ్చి మొదలు పట్టుకోగానే చెట్టు చేతిలోకి ఊడొచ్చింది. కింద వేళ్లు లేవు. చీమిడిలాంటి జిగురు, చచ్చిన ఎలుక కంపు. సుంకమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏమి సేసినావే దీన్ని?"

"మా నాయన తాగే నీళ్లు పోసినానమ్మా. ఎండిపోతాదని."

"నీళ్లెక్కువై మురిగింది. వారానికొక తూరి అని సెప్తినా లేదా? ఈ పొద్దు బిందె పట్టుకపో. రేపట్నుంచి రావద్దు."

హనుమక్క కుండీని దిబ్బ మీద బోర్లించింది. నల్లటి నీళ్లు కారి చేతుల మీద పడ్డాయి. ఎంత కడిగినా ఆ కంపు పోలేదు. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి పోయి, ఏమీ కలపని నీళ్లు నాయనకు ఇచ్చింది. ఆయన గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఈ పొద్దు బాగుండాయిమ్మా. రేపుగూడా ఈ నీళ్లే తే."