రెండో గ్లాసు

నా చిన్నప్పుడు, దేవరకొండ దగ్గర మా ఊళ్లో, ఇల్లంతా చేదు వాసనతో తెల్లవారేది. పిల్లితేగలు, అశ్వగంధ కలిసి ఉడికే ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కషాయం మా చిన్నమ్మ కోసం. మా చిన్నాయనతో పెళ్లయి ఏళ్లు గడిచినా ఆమె కడుపు పండలేదు.

పక్క ఊరి వైద్యుడు వేర్లు కట్టి ఇచ్చేవాడు. ఆ వేర్ల మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా మా అవ్వ పెట్టిన నియమం మీద. మందు తాగేటప్పుడు మొఖం చిట్లించకూడదట! చిట్లిస్తే మందు అలుగుతుందట! చిన్నమ్మ తడి తలతో తూర్పుకు తిరిగి గ్లాసెత్తితే, అవ్వ ఎదురుగా కూర్చుని ఆమె మొఖమే చూసేది. ఆ చేదుకు కనురెప్ప కదలకుండా ఉండడం ఎవరి తరం? నెల తిరిగి చిన్నమ్మ బయట కూర్చోగానే అవ్వ అందుకునేది.

"నాడు మూతి తిప్పింది. ఇగ మందు యాడ పడ్తది?"

తప్పు ఏనాడూ మందుది కాదు, చిన్నాయనది అసలే కాదు.

ఒకనాడు అవ్వ కొత్త మాట ఎత్తింది. ఈసారీ మందు పట్టకపోతే కొడుక్కి ఇంకో పిల్లను తెస్తుందట, చిన్నమ్మ పుట్టింటి దారి పట్టాల్సిందేనట. చిన్నాయన బీడీ ముట్టించుకుని వాకిట్లోకి పోయాడు. ఎంత కోపమొచ్చిందో నాకు!

మర్నాడు పొద్దున చిన్నమ్మ రెండు ఇత్తడి గ్లాసులతో వచ్చింది. ఒకటి చిన్నాయన చేతిలో పెట్టి, "ఈసారి ఇద్దరిని తాగమన్నడు వైద్యుడు" అంది. శుద్ధ అబద్ధం! వైద్యుడి దగ్గరికి ఆమె వెంట నేనూ పోయాను. కానీ మందు మాటకు అడ్డం చెబితే కీడని అవ్వ నమ్మకం. చిన్నమ్మ తన గ్లాసును మంచినీళ్లలా తాగేసింది. చిన్నాయన ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడో లేదో, మొఖమంతా వంకర్లు తిప్పి, "థూ! గిది మందా, ఇసమా?" అని వాకిట్లో ఉమ్మేశాడు.

చిన్నమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

"చూసినవు గద అత్తమ్మా. ఈపాలి మొఖం తిప్పింది నేను గాదు."

ఇంకో పిల్ల మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. పిల్లలూ పుట్టలేదు. దవాఖానకు పోయి నువ్వు కూడా చూపించుకోమని చిన్నమ్మ ఎన్నిసార్లు బతిమాలినా చిన్నాయన కదల్లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. అంత తెలివి చేసి ఆమె దక్కించుకున్నది ఆ ఇంట్లో ఇంత జాగా మాత్రమే.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. వేర్లు పోయి పొడి డబ్బాలొచ్చాయి, అంతే తేడా. మొన్న చుట్టాలింట్లో కొత్త కోడలు ముక్కు మూసుకుని అట్లాంటి మందే తాగబోతుంటే, అందరూ చుట్టూ చేరి ఆమె మొఖమే చూస్తున్నారు. మొగుడు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. నాకు ఉండబట్టలేదు. వంటింట్లోంచి ఇంకో గ్లాసు తెచ్చి, ఆమె గ్లాసులోది సగం వంచి, అతని పేపరు మీదే పెట్టాను.

"తాగు బిడ్డా. జర మొఖం తిప్పకుండ తాగు, మేమందరం చూస్తం."