దశమి దాకా ఆగమన్నాను

మొన్న టొరంటోలోని ఎటోబికోలో మనవాళ్ల సరుకుల కొట్టుకు కందిపప్పు కోసం వెళితే, కౌంటర్ దగ్గరున్న అమ్మాయి కొత్త సంవత్సరం క్యాలెండర్ ఒకటి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి నా సంచిలో పెట్టింది. ఇంటికి, అంటే నార్త్ యార్క్‌లో సబ్‌వే రైలు స్టేషను పక్కన పద్దెనిమిదో అంతస్తులో ఉన్న ఈ అద్దె ఫ్లాటుకు వచ్చి, గోడకు మేకు కొట్టనివ్వరు కాబట్టి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతాలతో అంటించి, కళ్లజోడు పెట్టుకుని చూస్తే, అడుగున చీమలంతేసి అక్షరాల్లో ఒక మాట అచ్చేసి ఉంది: తిథులు, వర్జ్యాలు టొరంటో సమయం ప్రకారం. ఆ ఒక్క వాక్యాన్నీ మూడుసార్లు చదివాను. క్యాలెండర్ అడుగున ఉన్న చిన్న మాట చూసి ఈ వయసులో కళ్లు తుడుచుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు గానీ, సంగతంతా చెబితే మీరే ఒప్పుకుంటారు.

ఈ ఊరికి రాకముందు పదకొండేళ్లు మేము ఈ దేశానికి తూర్పు కొసన, బే ఆఫ్ ఫండీ అనే అఖాతంలో ఒక చిన్న దీవిలో ఉండేవాళ్లం. మావారు అక్కడి ఆసుపత్రికి డాక్టరు, నేను డాక్టరుగారి భార్యను, అంతకుమించి నాకు అక్కడ ఉద్యోగమేమీ లేదు. బయటి లోకానికీ మాకూ మధ్య ఒక్క ఫెర్రీయే దారి, గంటన్నర ప్రయాణం, చలికాలం రోజుకు మూడు ట్రిప్పులు, చివరిది మధ్యాహ్నం రెండున్నరకే. అక్కడి సముద్రం రోజుకు రెండుసార్లు రెండంతస్తుల మేడ ఎత్తు లేచి మళ్లీ అంతా దిగిపోతుంది. పొద్దున రేవు గట్టుతో సమానంగా తేలుతున్న పడవ, మధ్యాహ్నానికి ఎక్కడో అడుగున, నూతిలో పడ్డ చెంబులా కనిపిస్తుంది, జాలర్లు నిలువు నిచ్చెన మీద దిగి ఎక్కాలి. నవంబరు దాటాక మొదలయ్యే గాలుల సంగతి సరేసరి. అలల తుంపర గాలిలోనే గడ్డకట్టి రేవు రెయిలింగులకు, తాళ్లకు, పడవల అద్దాలకు తెల్లగా పేరుకునేది, మనుషులు గొడ్డళ్లతో ఆ మంచును కొట్టి పడవ బరువు తగ్గించేవాళ్లు. ఆ మూడు నాలుగు నెలలూ ఫెర్రీ నడుస్తుందా నడవదా అన్నదే దీవి మొత్తానికి పొద్దున్న లేవగానే మొదటి ప్రశ్న.

అందుకే అక్కడ ప్రతి వంటింట్లోనూ సముద్ర వాతావరణం చెప్పే రేడియో ఒకటి గురగురలాడుతూ ఉండేది. మొదటి ఏడాది ఆ గాలి దిక్కులు, గాలి వేగం కొలిచే నాట్లు, గేల్ వార్నింగులు నాకు అంతుపట్టలేదు గానీ, ఆ తరువాత నా అంత వినేవాళ్లు వీధిలో లేరంటే గొప్పకు కాదు. నేను పుట్టింది భీమిలిలో. మా గుమ్మంలోకి చేపల గంప దించే అవ్వ, ఇవాళ ఏ తిథో చెబితే పోటు ఎంత వస్తుందో చెప్పేది. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు, అష్టమికీ నవమికీ చప్పటి పోటు అని ఆ అవ్వ దగ్గర నేర్చుకున్న లెక్క, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా, ఈ దీవిలోనూ సరిపోయింది. వంటింటి గోడకు ఒక మేకుకు రేవు కొట్టువాళ్లిచ్చిన పోటు పట్టిక, పక్క మేకుకు విశాఖపట్నం నుంచి మా అక్క ఏటా పోస్టులో పంపే పంచాంగం క్యాలెండరు వేలాడేవి. రెండూ ఒకే మాట చెబుతుంటే నాకు లోపల పొంగు వచ్చేది. మావారు మాత్రం, ఆయనకు ఇలాంటివాటి మీద నమ్మకం సున్నా, "నీ పంచాంగానికి ఇక్కడ వీసా ఉందటే?" అని ఆటపట్టించేవారు. నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ నవ్వులాటలోనే నాకు పనికొచ్చే మాట ఉందని అప్పుడు తోచలేదు.

ఇంతలో మన పిల్లలు ఈ దేశానికి చదువుల పేరుతో గుంపులు గుంపులుగా రావడం మొదలైంది. టొరంటో చుట్టుపక్కల కాలేజీల్లో ఏవో డిప్లొమాలు చదివి, వాన్ అనే శివారు ఊళ్లో గోదాముల్లో పెట్టెలు మోసి, ఆ ఉద్యోగాలేవీ పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, లెక్కలోకి రావని తేలాక, తూర్పు తీరంలో యజమాని సంతకం పెడితే పని అవుతుందని ఎవరో చెబితే, ఆరుగురు మా దీవిలో చేపల ఫ్యాక్టరీకి వచ్చి చేరారు. బీటెక్ చదివిన చేతులు పొద్దుటినుంచీ చన్నీళ్లలో లాబ్‌స్టర్లు ఏరేవి. ఆదివారాలు మా ఇంట్లో భోజనం. పప్పుచారు పోసుకుంటూ, ఆంటీ రేపు ఫెర్రీ ఉంటుందా అని వాళ్లడగడం, నేను రేడియో విని, గోడ చూసి, తీర్పు చెప్పడం. నూటికి తొంభై సార్లు నా మాట నిలబడేది. నిలబడేసరికి వాళ్లకు నమ్మకం, నాకు తలకెక్కిన గర్వం. పోను పోను ఫెర్రీతో ఆగక, ఇంటర్వ్యూ ఏ రోజు పెట్టుకోవాలి, అప్లికేషన్ ఏ గంటకు సబ్మిట్ కొట్టాలి అని కూడా అడిగేవాళ్లు. గాలికి పోయే కంపను తగిలించుకోవడమంటే అదే గానీ, నిజం చెప్పాలంటే, నాకది ఎంతో బాగుండేది.

వాళ్లలో కావలి నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు నన్ను ఆంటీ అనేవాడు కాదు, పిన్నీ అనేవాడు. వాళ్ల చిన్నమ్మ పోలికలు నాలో ఉన్నాయట. మంచు పడితే చెప్పకుండా వచ్చి మా మెట్లు ఊడ్చి పోయేవాడు. ఆ చలికాలం వాడి ఇంగ్లీషు పరీక్ష ఫలితానికి రెండేళ్ల గడువు తీరిపోయింది. ఆ పరీక్ష మళ్లీ రాస్తే గానీ పీఆర్ అప్లికేషన్ వెళ్లదు, అది వెళ్లకపోతే వర్క్ పర్మిట్ పొడిగించరు, ఆ పర్మిటుకు ఇంక మూడు వారాలే ఉంది. పరీక్ష అవతలి ఒడ్డున పట్టణంలో, శనివారం పొద్దున్న. ఆ తరువాత ఖాళీ ఉన్న సీటు ఐదు వారాలకు గానీ లేదు. వాడి ఆరేళ్ల కష్టం ఆ ఒక్క శనివారం మీద నిలబడిందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

బుధవారం సాయంత్రం వాడు బ్యాగు సర్దుకుని, ఫ్యాక్టరీలో వాడితో పనిచేసే కరీంనగర్ అమ్మాయిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గురు, శుక్రవారాలు రెండూ సెలవు పెట్టాడు, గురువారం పొద్దున్న ఏడున్నర ఫెర్రీకి వెళదామని వాడి ఆలోచన. రేడియోలో అప్పుడే చెప్పారు, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆగ్నేయపు గాలి, యాభై నాట్లు, స్టార్మ్ వార్నింగు. నేను లేచి గోడ దగ్గరకు వెళ్లి క్యాలెండర్ చూశాను. గురువారం గడిలో నవమి మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాల వరకు అని ఉంది. నవమి నాడు బయలుదేరిన పని నడిమధ్యలో ఆగుతుందని చిన్నప్పటినుంచీ విన్న మాట. మూడు దాటాక ఫెర్రీ లేదు. శుక్రవారం దశమి, దివ్యమైన రోజు, గాలి వచ్చేది మధ్యాహ్నం, ఫెర్రీ వెళ్లేది పొద్దున్న, మధ్యలో ఐదారు గంటల వెసులుబాటు ఉంది కదా అని లెక్క తేల్చి, శుక్రవారం పొద్దున్నే వెళ్లమన్నాను.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "గాలి వస్తదంటున్నరు గద ఆంటీ, రేపే పోతే ఒడుస్తది గద, ఒక్క రోజు ముందు పోతే ఏమైతది?" అంది. నాకు కోపం వచ్చింది. నా ఇంట్లో, నా గోడ ముందు నిలబడి నా లెక్కను కాదంటుందా అన్న కోపం, దాచడమెందుకు. ఆ అబ్బాయి మాత్రం నా మొహం వంక చూసి, "పిన్ని చెప్పినాక ఇంకేముంది, రేపొద్దు, ఎల్లుండి పోతాలే" అన్నాడు. గురువారం సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. మూడు ఫెర్రీలూ వేళకు వెళ్లాయి, మా వంటింటి కిటికీలోంచి మూడింటినీ చూశాను.

శుక్రవారం గాలి తెల్లవారకముందే వచ్చేసింది. చెప్పిన వేళకన్నా అంత ముందుగా రావడం ఆ తీరంలో వింతేమీ కాదు, ఆ సంగతి అందరికన్నా నాకే బాగా తెలిసి ఉండాలి. మావారి కారులో రేవుకు పరుగెత్తాను. ఫెర్రీని రెండేసి తాళ్లతో కట్టేశారు, గట్టు మీదికి విసురుగా లేచిన నీళ్లు నేలమీద పడేలోపే మంచు పలుకులవుతున్నాయి. వాడు టికెట్ల గదిలో బెంచీ మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, "ఏం కాదులే పిన్నీ, మధ్యాహ్నానికి తగ్గిద్దిలే, నువ్వు ఈ చలిలో ఎందుకొచ్చినావు" అని నాకే ధైర్యం చెప్పాడు. పదకొండు గంటల ఫెర్రీ రద్దు, రెండున్నర ఫెర్రీ రద్దు. చివరిది రద్దు చేశాక కూడా వాడు కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ల వంకే చూస్తున్నాడు. చప్పటి పోటు రోజులు కాబట్టి రేవు మిగిలింది, పౌర్ణమి పోటైతే కొట్టుకుపోయేదని పక్కన ముసలి జాలరి ఒకడు అన్నాడు. నా తిథుల లెక్క అంతవరకు సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి, ఇల్లంతా గాలికి కిర్రుమంటుండగా, విశాఖపట్నం నుంచి అక్క ఫోన్ చేసింది. అక్కడ శనివారం తెల్లవారుజాము, ఏకాదశి, ఉపవాసమని స్నానం చేసి కూర్చుందట. ఇక్కడింకా శుక్రవారమే, దశమే అని నేనన్నాను. అలా అంటూ ఉండగానే నాకు తట్టింది. తిథి చంద్రుడితో నడిచేది, అక్కడొకటీ ఇక్కడొకటీ ఉండదు. అక్కడ ఏకాదశి అయితే ఇక్కడా ఏకాదశే. ఫోన్ పెట్టేసి గోడ దగ్గరకు వెళ్లి వేళ్ల మీద లెక్క వేశాను. క్యాలెండర్‌లో అచ్చువేసిన నవమి మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు విశాఖపట్నం గడియారానివి. మాకది గురువారం తెల్లవారుజామున ఐదు గంటల నలభై నిమిషాలు. పొద్దున్న ఏడున్నరకు ఫెర్రీ తాడు విప్పేసరికి నవమి వెళ్లిపోయి, దశమి వచ్చి దగ్గర దగ్గర రెండు గంటలైంది. నేను నమ్మే శాస్త్రం ప్రకారం కూడా వాడు గురువారమే వెళ్లాలి. పదకొండేళ్లుగా అక్కకు ఫోన్ చేసే ముందు తొమ్మిదిన్నర గంటలు కలుపుకోవడం ఒక్కరోజూ మరువలేదు, అదే అక్క పంపిన పంచాంగానికి మాత్రం ఆ తొమ్మిదిన్నర తీసెయ్యాలని ఒక్కరోజూ తోచలేదు. పోటు పెద్దదా చిన్నదా అనే లెక్కకు పూట తేడా పట్టింపు లేదు కాబట్టి నా తప్పు అన్నేళ్లూ బయటపడలేదు.

పరీక్ష వేళ దాటిపోయాక, ఆదివారం ఫెర్రీ మామూలుగా నడిచింది. ఫ్యాక్టరీ యజమాని మంచివాడు, ఎవరెవరికో ఉత్తరాలు రాశాడు. మావారు తెలిసిన లాయరుతో మాట్లాడారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. పర్మిటు తీరిన రోజు వాడు మా మెట్లు ఆఖరుసారి ఊడ్చి, దీవి వదిలి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు వాన్‌లో స్నేహితుల బేస్‌మెంట్‌లో విజిటర్‌గా ఉండి, ఆ దారీ మూసుకుపోయాక కావలి చేరాడు. ఇప్పుడు రొయ్యల మేత అమ్మే ఆఫీసులో పని. మిగతా ఐదుగురికీ పీఆర్‌లు వచ్చాయి. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య అన్నట్టు ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, నేనేమీ అనుకోను. కరీంనగర్ అమ్మాయి ఇక్కడే బ్యాంకులో చేస్తోంది. సబ్‌వేలో కనిపిస్తే ఆగి, నా మోకాళ్ల నొప్పి గురించి అడుగుతుంది, ఆ శుక్రవారం గురించి ఒక్కసారి కూడా ఎత్తదు. ఎత్తితేనే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ దీవిలో ఆ పిల్లలు ఉండిన ఇల్లు తాళం వేసి ఉందట. పిల్లలు రావడమే తగ్గిపోయింది, వచ్చినవాళ్లకు కూడా ఆ దారులేవీ మిగల్లేదు. గాలి, పోటు, ఫెర్రీ అన్నీ ఫోన్‌లోనే కనిపిస్తాయి, ఎవరి వంటింటి గోడనూ ఎవరూ అడగనక్కర్లేదు. చివరికి పంచాంగానికి కూడా ఈ దేశపు గడియారం వచ్చింది, మావారి భాషలో చెప్పాలంటే వీసా వచ్చింది.

నిన్న వాడు ఫోన్ చేశాడు. ఏటా చేస్తాడు. ముప్ఫైమూడేళ్లు వచ్చాయి, గొంతులో మునుపటి తొందర లేదు. "పిన్నీ, ఇంకొక్కసారి అప్లై చేద్దామనుకుంటుండా. మంచి రోజు చూసి చెప్పు" అన్నాడు. ఆ తొమ్మిదిన్నర గంటల సంగతి చెప్పాలని ఏటా అనుకుంటాను, ఏటా నోరు రాదు. ఏ రోజైనా మంచిదే నాన్నా అన్నాను. "అట్టా చెప్పబాక పిన్నీ, నువ్వు చూసి చెబితేనే నాకు ధైర్యం" అన్నాడు. వాడు అప్లై చేసినా రాదని నాకు తెలుసు, బహుశా వాడికీ తెలుసు. ఫ్రిజ్ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. ఇన్నాళ్లకు నా ఇంటి సమయానికి సరిపోయే క్యాలెండర్ దొరికింది, కానీ అడిగే మనిషి ఈ సమయంలో లేడు. దీవికన్నా ఈ ఊరు గంట వెనక కాబట్టి ఇప్పుడు పదిన్నర గంటలు కలిపి, తప్పుపోతుందేమోనని మరోసారి కలిపి, వచ్చే దశమి వాడికి ఎప్పుడు మొదలవుతుందో చెప్పాను. రాసుకుంటున్నాను ఉండు పిన్నీ అన్నాడు.