బేరింగు బండి మీద మా చెల్లె

మొన్న ఆదివారం సాయంత్రం కరీంనగర్‌లో మా అబ్బాయి ఇంటి ముందు, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీద, మా మనవరాలు చక్రాల పలక ఎక్కి జారుతూ, తన ఫోను నా చేతిలో పెట్టి ఫొటో తియ్యమని పురమాయించింది. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి నేను కింది మెట్టు మీద కూర్చుని, ఫోను ఛాతీకి ఆనించి, పిల్ల ఎటు పోతే అటు నడుము తిప్పుతూ నొక్కాను. ఫొటో చూసుకున్నాక ఆ పిల్ల, బాపమ్మా, ఇదంతా నీకెవరు నేర్పారని అడిగింది. దానికేం చెప్పను? నా ఈడువాళ్లయితే మొదటి నుంచి చెప్పినా ఓపికగా వింటారని ఇలా మీ ముందు కూర్చున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన కాలమది. మా బాపు బెల్లంపల్లి బొగ్గు బాయిల వర్క్‌షాపులో ఫిట్టరు. అరిగిపోయి పారేసిన బేరింగులు ఫిట్టర్ల ఇళ్లకు చేరేవి, అక్కడి నుంచి పిల్లల చేతికి చేరేవి. ఒక పలకకు ముందొకటి, వెనక రెండు బేరింగులు బిగిస్తే అదే బండి. నీళ్ల ట్యాంకు దగ్గర నుంచి దవాఖాన దాకా తారు రోడ్డు ఏటవాలుగా ఉండేది, సాయంత్రమైతే ఆ రోడ్డంతా గరగరమని ఒకటే మోత. పిల్లలందరూ బండి మీద కూర్చుని జారేవాళ్లు. మా చెల్లె ఒక్కతే నిలబడి జారేది. చేతులు చాచి, మోకాళ్లు కొంచెం వంచి, జడ వెనక్కి ఎగురుతుంటే అది వస్తున్నప్పుడు చూడాలి, నాకిప్పటికీ నిద్రలో ఆ మోత వినిపిస్తుంది.

దానికప్పుడు పన్నెండో ఏడు. ఆ ఎండాకాలం పోతూనే అవ్వ, అంటే మా అమ్మ, ఒక మాట చెప్పేసింది: "దసరా దాకనే. దసరా ఎల్లినంక లంగా వోణీ ఏసుడు, గా బండి బందు." అవ్వ కోపంగా చెప్పలేదు, వానాకాలం వస్తే గొడుగు తీయాలన్నట్టు చెప్పింది. చెల్లె తల వంచుకుని వింది. నేను మెట్రిక్ రాసి ఇంట్లో ఉన్న పిల్లను, బేరింగు బండ్లు మా క్వార్టర్ల లైన్లకు వచ్చేసరికే నాకు వోణీ వచ్చేసింది, ఒక్కసారి కూడా ఎక్కి ఎరగను. అందుకేనేమో, దసరాలోగా చెల్లె అట్లా జారుతున్నది ఒక్క ఫొటో తీసి పెట్టుకోవాలని నాకు పిచ్చి పట్టింది.

కరీంనగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసే మా మేనమామ, వాళ్ల స్టూడియోలో మూలన పడ్డ డబ్బా కెమెరా ఒకటి, మూడు ఫిల్ము రోళ్లు తెచ్చి ఇచ్చాడు. రోలుకు ఎనిమిదే ఫొటోలు. వెనక ఎర్రటి చిన్న కిటికీలో అంకె చూసుకుంటూ ఫిల్ము తిప్పుకోవాలి, పైన ఉన్న అద్దంలోకి తల వంచి చూడాలి. తీసిన రోలు పార్సిలులో పంపితే మామ కడిగి, ఫొటోలతోపాటు ఒక కార్డు రాసి పంపేవాడు.

మొదటి రోలు వచ్చిన రోజు నేను ఏడ్చినంత పని చేశాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కెమెరా కనబడితే మనుషులు ఆగిపోయేవాళ్లు. ఫొటో అంటే నిలబడటం, చేతులు కిందికి చాచి ఊపిరి బిగబట్టడం. మా చెల్లె కూడా అంతే. ట్యాంకు నుంచి గాలిలా వచ్చేది, నన్ను చూడగానే కాలు ఆనించి బండి ఆపి, దిగి, జడ ముందుకు వేసుకుని పోలీసు ముందర నిలబడ్డట్టు నిలబడేది. ఆగవద్దే అని బతిమాలితే, ఆగకపోతే మొఖం ఎట్లొస్తది అక్కా అని నాకే నేర్పేది. ఎనిమిదింటిలో అయిదు ఈ నిలుచున్న ఫొటోలు, రెండింటిలో పొగ లాంటిదేదో ఉంది, ఒకదానిలో ఖాళీ రోడ్డు, ఆ అంచున జడ కుచ్చులు మాత్రం పడ్డాయి.

మామ కార్డు రాశాడు. "బిడ్డా, ఎదురుంగ నిలవడకు, పక్క పొంట కూసో. సూర్యుని ఈపు దిక్కు పెట్టుకో. బండి ఎంత జోరు పోతే నీ నడుము గంత జోరు తిరగాలె, నొక్కినంక సుత తిరుగుడు ఆపకు. ఖాళీ కెమెరాతోని నెల రోజులు గిదే చెయ్యి, అలవాటైనంకనే ఫిల్ము పెట్టు." సరేనని నేను రోడ్డు పక్కన కూర్చుని ఖాళీ డబ్బా పట్టుకుని, షిఫ్టు దిగి సైకిళ్ల మీద పోయే బాయి కార్మికుల వెంట, మేకల వెంట, ఎడ్లబండ్ల వెంట నడుము తిప్పడం మొదలుపెట్టాను. ఈ పిల్లకు ఏదో పూనిందని పక్క క్వార్టరు పెద్దమ్మ అవ్వతో నిమ్మకాయ కూడా తిప్పించింది. రోడ్డు మీద సుద్దతో గీత గీసి, బండి ఆ గీత మీదికి వచ్చినప్పుడే నొక్కడం అలవాటు చేసుకున్నాను. రెండో రోలులో సైకిళ్లు చక్కగా వచ్చాయి, వాటి వెనకాల రోడ్డు చారలు చారలుగా పరుగెత్తింది. చెల్లె మాత్రం తను పడ్డ అన్నింటిలోనూ బండి దిగి నిలబడే ఉంది.

మూడో రోలు దసరా ముందొచ్చే సద్దుల బతుకమ్మ నాటికి మిగిలింది. ఆ మధ్యాహ్నం చెల్లె కొత్త గౌను వేసుకుని చివరిసారిగా బండి తీసింది. నేను గీత పక్కన కూర్చున్నాను. ఒకటికి కుక్క అడ్డమొచ్చింది, ఒకటికి తంగేడు పూల గంపతో ఎవరో ఆడమనిషి అడ్డమొచ్చింది, తక్కిన అయిదింటికి చెల్లె ఆగింది. ఎనిమిదోదానికి కూడా గీత మీదే ఆగి, కొత్త గౌను సర్దుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండి, ఏదో ఒకటిలే అని నొక్కేశాను. అయిపోయింది, ఇక ఫిల్ము లేదు పో అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది బండి చంకన పెట్టుకుని మళ్లీ ట్యాంకు దగ్గరికి ఎక్కింది. ఫిల్ము లేదని తెలుసు గనక ఇక ఎవరి కోసమూ ఆగనవసరం లేదు. చేతులు చాచి, నోరారా నవ్వుతూ వచ్చింది. నేనూ అలవాటు కొద్దీ ఖాళీ డబ్బా అనుకుంటూనే దాని వెంట తిరిగి, గీత మీద నొక్కాను. ఎనిమిదో అంకె దాటి ఫిల్ము తిప్పనే లేదని, ఆ ముక్క ఇంకా అక్కడే ఉందని ఆ క్షణాన నాకు తట్టలేదు.

దసరా పోయిన వారానికి మామ స్వయంగా వచ్చి ఆ ఫొటో చేతికిచ్చాడు. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొత్త గౌనులో బుద్ధిగా నిలబడ్డ పిల్ల, ఆ పిల్ల ఒంట్లోంచే చేతులు చాచి దూసుకుపోతున్న ఇంకో పిల్ల. "తప్పు పడ్డది గని బిడ్డా, గిసోంటిది నాకు ఎన్నడు రాలే" అన్నాడు మామ. అవ్వ నిలబడ్డ పిల్ల మీద వేలు పెట్టి, గిది నా బిడ్డ అని మురిసింది. వోణీ వేసుకుని పక్కన కూర్చున్న చెల్లె దూసుకుపోయే పిల్ల మీద వేలు పెట్టింది. బాపు అప్పటికే బండికి బేరింగులు ఊడదీశాడు, ఆ పలక బియ్యం డబ్బా కిందికి పీటయింది.

ఇన్నేళ్లలో నన్ను తొలిచేది ఒకటుంది. ఆ నాలుగు నెలల్లో నేను అవ్వను ఎన్ని అడగలేదు, ఎండలో కూర్చోనిమ్మని, పార్సిలు పంపమని, చెల్లెను పని నుంచి వదలమని. ఇంకొక్క ఏడు దాన్ని బండి ఎక్కనిమ్మని మాత్రం అడగలేదు. అవ్వ కఠినురాలు కాదు, అడిగితే ఒప్పుకునేదేమో. నాకు ఫొటో కావాలన్న ధ్యాసలో దానికి ఏం కావాలో తట్టలేదు. భైంసాలో మనవలతో ఉన్న చెల్లెకు నిరుడు ఫోనులో ఈ మాట చెప్పి ఏడ్చాను. అది నవ్వింది, నవ్వి, "దసరా దాక సూసిన అక్కా, నువ్వన్న అడుగుతవేమోనని" అంది.

ఇవాళ్టి ఆడపిల్లలు తమకు కావలసింది తామే అడుగుతారు, గొంతెత్తి అడుగుతారు, చూస్తే నాకు కడుపు నిండుతుంది. మా రోజుల్లో చిన్నదాని కోసం పెద్దది అడగాలి. నేను అడగలేదు.