ఆఖరి రోడ్డు చూపించని ఈరన్న

కొత్త డ్రైవర్ వస్తున్నాడన్న సంగతి ఈరన్నకు ఎవరూ చెప్పలేదు. గేటు పక్కన ఉన్న తన గదిలో రెండో మంచం వేయించినప్పుడు తనే అర్థం చేసుకున్నాడు.

గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫా అనే పేటలోని ఆ విల్లాకు అతను డ్రైవరుగా వచ్చి చాలా ఏళ్ళయింది. సొంతూరు ఆదోని దగ్గరి పల్లె. వచ్చిన కొత్తలో అతనికి దారులు చూపించింది చంద్ర అనే శ్రీలంక మనిషి, ఆ ఇంటి పాత డ్రైవరు. పక్క సీట్లో కూర్చుని బంధువుల ఇళ్ళు, ఆస్పత్రి, కూరగాయల మార్కెట్ ఒక్కొక్కటే నేర్పాడు. ఇంటి యజమానురాలిని అక్కడ అందరూ పెద్ద మామా, అంటే పెద్ద అమ్మగారు, అంటారు. ఎడారిలో ఆమె తమ్ముడికి ఒంటెల ఫారం ఉంది. తారు రోడ్డు అయిపోయాక అక్కడికి ఇసుకలో పోవాలి, మ్యాపులో ఆ దారి కనిపించదు. అన్నిటికన్నా చివర చంద్ర చూపించింది అదే. ఆ మర్నాడు పొద్దున చూస్తే చంద్ర సూట్‌కేసు వాకిట్లో ఉంది. ఈ ఇళ్ళలో పద్ధతే అంత, పోయేవాడు వచ్చేవాడికి దారులు చూపించి పోవాలి. ఈరన్న దాన్ని మర్చిపోలేదు.

రెండో మంచం మీదికి వచ్చినవాడి పేరు నాగూర్. చీరాల కుర్రాడు. సౌదీలో ట్రక్కు నడిపి వచ్చాడు.

పెద్ద మామా కొడుకు జాసిమ్ ఇద్దరినీ పిలిచాడు. జాసిమ్ మాట సగం హిందీ, సగం ఇంగ్లీషు, నడుమ అరబ్బీ. ఇన్నేళ్ళ అలవాటు మీద ఈరన్న దాన్ని తెలుగులోనే వింటాడు.

"ఇతనికి రోడ్లు చూపించు ఈరన్నా. ఇద్దరికీ పని ఉంది. నువ్వేం కంగారు పడకు."

ఆ చివరి మాటతోనే ఈరన్నకు కంగారు పట్టుకుంది. సరిగ్గా ఇలాంటి మాటనే అతను ఎన్నోసార్లు విన్నాడు. బేస్‌బాల్ వార్తల్లో.

జాసిమ్ అమెరికాలో చదివి, డిగ్రీతో పాటు ఆ ఆట పిచ్చి కూడా వెంట తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున వెస్ట్ బేలో ఆఫీసుకు పోయేటప్పుడు కారులో ఇద్దరు అమెరికావాళ్ళ మాటల కార్యక్రమం పెడతాడు. ఒకాయనది బొంగురు గొంతు, రెండో ఆయన గుక్క తిప్పుకోడు. మొదట్లో ఈరన్నకు అది సంతలో ఎద్దుల బేరంలా వినిపించేది. విసుక్కోలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక మాట అడిగేవాడు, దాన్ని ఆ వారమంతా మనసులో తిప్పుకునేవాడు. క్రికెట్ తెలుసు కనుక బ్యాటూ బంతీ సులువుగానే అందాయి. మిగతాది రోజూ వింటూ చెవితోనే నేర్చుకున్నాడు.

అయితే అతనికి నచ్చింది అసలు పోటీలు కావు. వాటికి ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్. ఎండ ఉన్న ఊళ్ళకు జట్లన్నీ చేరతాయి. ఒక్కో జట్టు దగ్గర అరవై డెబ్బై మంది ఆడతారు, చివరికి మిగిలేది ఇరవై ఆరుగురు. అప్పుడు గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. ఎవరిని ఉంచుకుంటారు, ఎవరిని ఇంటికి పంపిస్తారు, అదొక్కటే లెక్క. వినగా వినగా ఈరన్నకు అది ఆటలా అనిపించలేదు, గల్ఫ్‌లో కొత్తవాణ్ణి పని చేయించి చూసే ట్రయల్ డ్యూటీలా అనిపించింది. అక్కడ ఆటగాళ్ళు చేరేదీ క్యాంపే, ఇక్కడ కూలీలు ఉండేదీ క్యాంపే.

ఆ రేడియో మనుషుల పని అనుమానించడం. మేనేజర్ ఒకణ్ణి పొగిడాడంటే ఎందుకు పొగిడాడు అంటాడు బొంగురాయన. నీ చోటుకేం భయం లేదని చెప్పాడంటే, భయం లేనివాడికి ఆ మాట చెప్పాల్సిన పనేముంది అంటాడు రెండో ఆయన.

ఈ ఏడు వాళ్ళ నోట్లో నానుతున్నది ఒక ముసలి క్యాచర్. ముసలి అంటే ముప్పై ఏడేళ్ళు. బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని దాన్ని పట్టేవాడే క్యాచర్. ఏ బంతి ఎలా వేయాలో సైగ చేసేదీ వాడే. పేరు నోరు తిరగక ఈరన్న అతన్ని పెద్దాయన అనేవాడు. ఆ పెద్దాయన దగ్గరికే ఒక కుర్ర క్యాచర్‌ను పంపి, నీకు తెలిసిందంతా వీడికి నేర్పు అన్నారట. ఆయన నేర్పుతున్నాడట కూడా.

"ఎంత తెలివితక్కువ మనిషి!" అన్నాడు ఈరన్న, వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని.

రంజాన్ నెల. లోపల రెహానా ఇఫ్తార్ కోసం సమోసాలు మడుస్తోంది. ఆమెది రాయచోటి. ఆ ఇంట్లో వంటా, పెద్ద మామా సేవా ఆమెవే.

"ఎవరన్నా? జాసిమ్ సారా?"

"కాదమ్మా, క్యాచరు."

"మళ్ళీ మొదలుపెట్టినావా! ఆ దేశమేదో, ఆ మనిషెవురో. వానికి నీ పేరన్నా తెలుసునా? వాని కోసరం నువ్వు తిండి మానుకుంటాండావు."

"నా పేరు తెలియకపోతే ఏమి? నా కథ వానికి జరుగుతాంది. ఈ నాగూర్‌ను ఏమిటికి తెచ్చినారనుకున్నావు?"

"ఇద్దరికీ పనుందని సారే చెప్పినాడు గదా."

"చెప్తారమ్మా. అందరూ అట్లనే చెప్తారు."

"నీకు ఉపవాసం లేకున్నా నీరసం మాత్రం వస్తాది. ఇంద, ఈ మాడినది తిను," అంది రెహానా.

నాగూర్‌కు దారులు చూపించడం మొదలైంది. కుర్రాడు చురుకైనవాడు, ఒకసారి తిరిగిన మలుపు మళ్ళీ అడగడు. అదే ఈరన్నకు గుచ్చుకుంది. మూడో వీధిలోంచి దగ్గర దారి ఉన్నా పెద్ద రోడ్డు మీదుగా తిప్పి తీసుకెళ్ళాడు. అల్ రయ్యాన్‌లో పెద్ద మామా చెల్లెలి ఇంటికి వెనక గేటు ఉందని చెప్పలేదు. కానీ అవన్నీ కుర్రాడు తనే కనిపెట్టేశాడు.

"అన్నా, ఫారం దారి ఎప్పుడు చూపిస్తావు? రెహానాక్క చెప్పింది, అది కష్టమంట కదా?" అని అడిగాడు ఒకనాడు.

"ఆడ రోడ్డు పని జరుగుతాంది. పండగయినాక పోదాం లేప్పా."

"మొన్న కూడా ఇదే అన్నావన్నా."

"మొన్న కూడా పని జరుగుతాండె!"

నాగూర్ నవ్వాడు. ఆ నవ్వేమిటో ఈరన్నకు అంతు పట్టలేదు. తెలిసి నవ్వాడా? తెలియక నవ్వాడా? ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ తను గదిలోకి రాగానే గొంతు తగ్గించాడెందుకు?

జాసిమ్ మనసులో ఏముందో సూటిగా అడిగే ధైర్యం లేక, ఈరన్న అడ్డదారి పట్టాడు.

"సార్, ఆ పెద్దాయనను ఉంచుకుంటారంటారా?"

"ఎలా ఉంచుతారు? మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు చూపు కూడా ఆనడం లేదంటున్నారు."

కిందటి నెలలోనే ఈరన్న కళ్ళజోడు మార్పించుకున్నాడు. అద్దంలోంచి జాసిమ్ ముఖం చూశాడు. జాసిమ్ ఫోన్ చూసుకుంటున్నాడు. కావాలనే చూసుకుంటున్నాడనిపించింది.

"అనుభవం ఉంది గదా సార్?"

"అనుభవమంతా కుర్రాడికి నేర్పేశాడు కదా! ఇంక ఆయనతో పనేముంది?" అని జాసిమ్ హాయిగా నవ్వాడు.

ఆ రోజు నుంచి ఈరన్న ఫారం మాట ఎత్తడమే మానేశాడు. ఆ ఒక్క దారీ తన తలలో ఉన్నంత కాలం తనను పంపించలేరని గట్టిగా అనుకున్నాడు.

రంజాన్ సగం దాటాక ఒక సాయంత్రం. జాసిమ్‌కు ఆఫీసులో మీటింగ్ తెగలేదు. ఈరన్న వెస్ట్ బేలో టవర్ కింద, కారులో కూర్చుని ఉన్నాడు. ఫోన్ మోగింది. నాగూర్.

"అన్నా, పెద్ద మామా ఉన్నట్టుండి తమ్ముడి ఫారంలో ఇఫ్తార్ చేస్తానన్నారు. ఇంట్లో ఉన్న పాత బండిలో బయల్దేరాం. తారు రోడ్డు అయిపోయింది. ఇక్కడ మూడు దారులున్నాయి. ఫారంలో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. ఎటెళ్ళాలి?"

ఈరన్న నోరు విప్పబోయి ఆగాడు. ఇది నిజమేనా? దారి తన నోటితోనే చెప్పించుకోవడానికి వేసిన ఎత్తా?

"ఫోన్ స్పీకర్లో పెట్టినావా ఏమి?"

"అవునన్నా. స్టీరింగ్ పట్టుకోవాలి కదా!"

మామా వింటోంది. జాసిమ్ కూడా వింటున్నాడేమో, ఎవరికి తెలుసు? తెలియదంటే రేపటి నుంచి తనకు విలువ లేదు. చెబితే ఎల్లుండి నుంచి తనతో అవసరం లేదు.

"సిగ్నల్ సరిగా లేదప్పా," అని ఈరన్న ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాక కారులో ఉండలేకపోయాడు. దిగి తిరిగాడు, మళ్ళీ ఎక్కాడు. వాళ్ళు వెనక్కి తిరిగి వెళ్ళిపోయి ఉంటారని తనకు తానే చెప్పుకున్నాడు. నాగూర్‌కు చీవాట్లు పడితే పడనీ, ఇంకో ఇల్లు చూసుకుంటాడు, వయసులో ఉన్నవాడు. ఇలా అనుకుంటుండగా మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి మామా వెంట వెళ్ళిన రెహానా.

"ఈరన్నా! సిగ్నల్ లేదంటే ఊరుకునేదాన్ని కాదు నేను. బండి ఇసుకలో దిగబడింది. పెద్దామెకు సుగరు గదా, చేతులు వణుకుతాండాయి. పొద్దు గూకేదాకా నోట్లో ఏమీ వేసుకోనంటాది. దారి చెప్తావా, నన్ను ఈ ఇసుకలో నడిపిస్తావా?"

ఈరన్న గొంతు మారింది.

"ఏ దారిలో పోయినారు?"

"వెడల్పుగా ఉండే దారిలో."

"అది మోసమమ్మా! బాగా కనపడే దారి గుంతలోకి పోతాది. నాగూర్‌కియ్యి. నాగూర్, టైర్లలో గాలి తియ్యప్పా. నాలుగింట్లోనూ. సగానికి తియ్యి. తీసినావా? ఇప్పుడు స్టీరింగ్ తిప్పొద్దు, వచ్చిన జాడ మీదనే వెనక్కి రా. యల్లా, పద, మెల్లగా... గట్టి నేల తగిలిందా? ఎడం చేతి పక్క సన్న దారి చూడు. ఇసుకలో సగం పూడిన లారీ టైరు నిలబెట్టి ఉంటాది."

"కనపడిందన్నా!"

"ఆ పక్కన పోండి. కంచె వస్తాది. కంచెను వదలొద్దు. ఆ చివర ఉండేదే ఫారం."

అటు నుంచి ఇంజను చప్పుడు, రెహానా అల్లాను తలుచుకోవడం, ఆ తర్వాత దూరంగా ఒంటె అరుపు. "వచ్చేశాం అన్నా," అన్నాడు నాగూర్.

ఈరన్న తల ఎత్తాడు. కారు అద్దం పక్కన జాసిమ్ నిలబడి ఉన్నాడు.

"ఎవరు దారి తప్పింది?"

ఈరన్న జరిగింది చెప్పాడు. జాసిమ్ తల్లికి ఫోన్ చేశాడు. ఖర్జూరం, నీళ్ళు తీసుకుంది, బాగానే ఉంది. కారు కదలగానే రేడియో మనుషులు తమంతట తామే మొదలుపెట్టారు. జాసిమ్ చెయ్యి చాచి ఆపేశాడు. ఇన్నేళ్ళలో అతను దాన్ని మధ్యలో ఆపడం అదే మొదటిసారి.

"నాగూర్‌కు ఆ దారి చూపించలేదా నువ్వు?"

"లేదు సార్."

"ఎందుకు?"

"చంద్ర నాకు చూపించినాడు సార్. మర్నాడే పంపించినారు."

జాసిమ్ అతని వైపు తిరిగాడు. "చంద్ర నడుం నొప్పితో తనే వెళ్ళిపోతానన్నాడు. నిన్ను వెతికి తెచ్చింది కూడా తనే. నీకు తెలియదా?"

తెలియదు. నమ్మాలా వద్దా అన్నదీ తెలియలేదు. చంద్ర ఆ ఉదయం నడుం మీద చెయ్యి వేసుకున్నాడా? ఎంత గుర్తు తెచ్చుకున్నా ఈరన్నకు సూట్‌కేసు తప్ప మనిషి కనిపించలేదు.

"అమ్మను ఆస్పత్రులకు తిప్పడానికి ఇంకో కారు కొంటున్నాం. దానికి నాగూర్. నువ్వు నాతోనే. మొదటి రోజే ఇద్దరికీ పని ఉందన్నానా లేదా?"

"అన్నారు సార్," అన్నాడు ఈరన్న.

ఆ రాత్రి గదిలో నాగూర్ పడుకుని పైకప్పు చూస్తూ అన్నాడు: "రోజూ నువ్వు పక్క సీట్లో కూర్చుని అలా చూస్తుంటే, నన్ను వెళ్ళగొట్టడానికి తప్పులు వెతుకుతున్నావనుకున్నానన్నా. అందుకే మా ఇంటికి ఫోన్ చేసినా మెల్లగా మాట్లాడేవాణ్ణి."

ఈరన్న లేచి అతని దుప్పటి మీద తన ఫ్యాను గాలి పడేలా తిప్పాడు.

జాసిమ్ అనుకున్నది మాత్రం జరగలేదు. మర్నాడు పెద్ద మామా కబురు పంపింది. కుర్రాడితో ఇంకెక్కడికీ రాదట. తన కారు ఈరన్నే నడపాలి. ఆమె మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. జాసిమ్ భుజాలు ఎగరేసి, వెస్ట్ బేకు పోయే తన కారు తాళాలు నాగూర్‌కు ఇచ్చాడు.

ఉద్యోగం నిలిచింది. ఇంకా గట్టిపడింది కూడా. ఫారం దారి ఇప్పుడు పూర్తిగా ఈరన్నదే. పెద్ద మామా కారులో పొద్దున ఖురాన్ పారాయణం వినిపిస్తుంది, తర్వాత ఆమె నిద్రపోతుంది. ఈరన్న అద్దంలో ఆమెను చూసుకుంటూ గుంతలు తప్పించి నడుపుతాడు. మార్చి ఆఖరు వచ్చేసింది. అక్కడ జట్లు చివరి మనుషులను ఏరుతుంటాయి. ఎవరు మిగిలారో చెప్పేవాళ్ళు లేరు.

నాగూర్ డ్యూటీ దిగి రాగానే ఈరన్న అతన్ని గేటు దగ్గరే పట్టుకుంటాడు.

"ఈ పొద్దు ఏం చెప్పినారప్పా? పెద్దాయన సంగతి తేలిందా?"

"ఏం తేలిందో ఏమో అన్నా. ఇద్దరూ తెగ అరుచుకున్నారు. నాకు నిద్రొచ్చేసింది."

"అరుచుకున్నారా? కోపంగా అరుచుకున్నారా, సంతోషంగానా?"

"అరుపులో రకాలు కూడా ఉంటాయా! నాకు తెలీదన్నా, నిజంగా."

ఈరన్న అతని కళ్ళలోకి చూశాడు. ఒకసారి చూసిన మలుపు మర్చిపోని కుర్రాడు. అంత దూరం కారులో వినిపించింది ఒక్క ముక్క గుర్తు లేదంటున్నాడు.

"రేపు శుక్రవారం," అన్నాడు ఈరన్న చివరికి. "పెద్ద మామా నిద్ర లేసేలోగా పోయి వద్దాం. నువ్వే నడుపు. ఫారం దారి చూపిస్తా."

"ఇప్పుడెందుకన్నా? ఆ కారు నీదే కదా."

"ఊరికే కాదప్పా. తోవలో ఆ కార్యక్రమం పెట్టుకుందాం. ఎట్ల వినల్లో నేర్పిస్తా. ఆ పైన రోజూ విన్నది నాకొచ్చి చెప్పల్ల."

నాగూర్ నవ్వాడు. ఈ నవ్వు కూడా ఏమిటో ఈరన్నకు పూర్తిగా అర్థం కాలేదు. అయినా టైర్లలో గాలి చూసి రావడానికి తనే వెళ్ళాడు.