మూడో నంబరు డిస్కు

పోయినవి ముందు రాస్తాను. రక్తపరీక్ష కాగితాలు రెండు వేల నాలుగు వందల పదమూడు. ఆ కాగితాల మనుషులు నూట ఎనభై ఆరుగురు. వాళ్ళ ఊళ్ళు పదకొండు, అన్నీ ఉద్దానంలోవే. ఒక్కొక్కరి మూత్రపిండాలు ఏ ఏడాది ఎలా ఉన్నాయో చెప్పే అంకెలు ఆరేళ్ళవి. పోగొట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన వారం పలాసలో ఒక దుకాణంలో ఎవరిదో పాత కంప్యూటరు ఆన్ చేశారు. లోపల హార్డ్ డిస్కులు ఒకదాని వెనుక ఒకటి తిరగసాగాయి. సన్నని ఈల, చివర చిన్న టక్కు. నా నోరు దానంతటదే "లాభం, రెండు, మూడు" అంది. నాలుగోది వినబడేదాకా ఊపిరి తీసుకోలేదు. ఆ కంప్యూటరుతో నాకే సంబంధమూ లేదు. అయినా సిస్టరమ్మ గుర్తొచ్చింది.

ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరై మందస దగ్గర సొంత ఇంట్లో ఉండేవారు. రెండు వేల ఆరో ఏడో సంవత్సరం మాట. మా వైపు జనం కాగితాల మూట పట్టుకుని విశాఖపట్నం పెద్ద డాక్టర్ల దగ్గరికి తిరిగేవారు. ప్రతి డాక్టరూ ముందు అడిగేది, పోయినేడు లెక్క ఎంత ఉండేదని. ఆ కాగితం వానకు తడిసో, చెదపట్టో పోయి ఉండేది. అందుకని సిస్టరమ్మ అందరి కాగితాలూ స్కాన్ చేసి దాచేవారు. ఆవిడ చెల్లెలి కొడుకు నాలుగు డిస్కులతో ఒక పెట్టె బిగించి ఇచ్చి వెళ్ళాడు. దాన్ని చూసుకునే పని నాకు అప్పగించారు. నేను జీడి ఫ్యాక్టరీలో డబ్బాల లెక్క రాసేవాణ్ణి. ఎనిమిదితో చదువు ఆగింది. కంప్యూటరు, పాడుచేసుకుంటూ నేర్చుకున్నదే.

పెట్టె మొరాయించినప్పుడు ఏం చెయ్యాలో మొదట నేర్పింది కూడా ఆవిడే, కంప్యూటరు గురించి ఏమీ తెలియకుండానే. "రోగిని కొయ్యడానికి ముందు సెయ్యి పట్టుకుని నాడి సూడాల, అప్పన్నా. దీనిక్కూడా అంతే." నేను డిస్కుల మీద వేళ్ళు ఆనించి అదురు చూసేవాణ్ణి. తీగలు నొక్కి చూసేవాణ్ణి. సముద్రపు గాలికి తీగల మొనలు పచ్చబారేవి, రబ్బరుతో తుడిస్తే మళ్ళీ పలికేవి.

ఆ పెట్టెలో ఒక ఏర్పాటు ఉంది. నాలుగింటిలో ఒకటి పోయినా మిగతా మూడూ కలిసి దానిలో ఉన్నది చెప్పగలవు. రెండు పోతే ఏదీ మిగలదు. నేను డిస్కులకు ఒకటి నుంచి నాలుగు దాకా చీటీలు అంటించాను. మా ఫ్యాక్టరీలో డబ్బాలు లెక్కపెడితే ఒకటి అనడానికి బదులు లాభం అని మొదలుపెడతాం. సున్నాతో మొదలయ్యే లెక్క ఒకటి ఉంటుందని నాకు తట్టనే లేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. తెర మీద, డిస్క్ 3 దొరకడం లేదని వచ్చింది. సిస్టరమ్మ ఊళ్ళో లేరు. భయంలో నాడి చూడలేదు. మూడో చీటీ డిస్కు లాగి, ఇంటికి తీసుకెళ్ళి నా కంప్యూటరుకు తగిలిస్తే అది చదవలేకపోయింది. జట్టు నుంచి విడదీస్తే మంచి డిస్కునైనా చదవలేదని అప్పుడు తెలియదు. ఇదే చెడిందని నమ్మి, మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాసి పరీక్షించే పద్ధతి నడిపాను. అయిదు గంటలు పట్టింది. ఒక్క లోపమూ లేదని వచ్చింది. అంటే నేను లాగింది మంచి డిస్కునే. పరుగున వెళ్ళి పెట్టె విప్పితే, నాలుగో డిస్కు తీగ మొన పచ్చగా ఉంది. తుడిచినా అది తిరగలేదు, కరెంటు దెబ్బకు చచ్చింది అదే. పెట్టె లెక్క సున్నా నుంచి. దాని మూడు, నా నాలుగు. బతికున్నదాన్ని నేను చెరిపేశాను. నాలుగోది ఒక్కటే పోయి ఉంటే మిగతా మూడూ అన్నీ చెప్పేవి.

సిస్టరమ్మ తిరిగొచ్చాక కూడా నాలుగు రోజులు దాచాను. అయిదో రోజు అక్కుపల్లి నుంచి దాసయ్య వచ్చాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి, అప్పటికే కాళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మా, పోయినేటి లెక్క గావాలంట. అది సూసి మందు రాత్తానన్నాడు డాక్టరు."

సిస్టరమ్మ నా వైపు చూశారు. "కరెంటు లేదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఎత్తారు. "ఫేను తిరుగుతంది, అప్పన్నా. ఏటైంది, సెప్పు."

దాసయ్య ఎదుటే నా చేత చెప్పించారు, అంతా, చీటీలతో సహా. దాసయ్య నవ్వాడు. "లెక్కలోడివని ఊరంతా అంటారు గదేటి మావా, నాలుగు లెక్కెట్టనేకపోనావా?" ఆ నవ్వు నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

సిస్టరమ్మ తిట్టలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మంచాలు అవతలి వైపు నుంచి లెక్కపెట్టి, వేరే మనిషికి సూది వెయ్యబోయారట. "సివరి నిమిషంలో పేరడిగినాను గనక బతికాడు. నంబరు మనం పెట్టుకున్నది, అప్పన్నా. పేరు వాళ్ళది." తర్వాత చెప్పులు తొడుక్కున్నారు. "పద. మిగిలిన కాయితాలు మనుషుల దగ్గరే ఉంటాయి."

ఆటోల్లో, బస్సుల్లో, నడిచి, గడప గడపకూ తిరిగాం. దేవుడి పటాల వెనుక, బియ్యం డబ్బాల అడుగున, చూరులో పాలిథీను సంచుల్లో ఉన్నవి తీసి మళ్ళీ స్కాన్ చేశాం. ప్రతి ఇంట్లోనూ ముందు నా చేత తప్పు చెప్పించేవారు, తర్వాతే కాగితం అడిగేవారు. ఆవిడ ఉండగా పదిహేడు వందల ఎనభై ఆరు దొరికాయి. దాసయ్య కాగితం దొరకలేదు. డాక్టరు మూడు నెలలు ఆగి, మళ్ళీ పరీక్ష చేయించి, అప్పుడు మందు మార్చాడు. దాసయ్య ఆ తర్వాత రెండేళ్ళే ఉన్నాడు. ఆ మూడు నెలల వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని ఆ డాక్టర్ని అడిగే ధైర్యం నాకు ఎన్నడూ లేకపోయింది.

ఇప్పుడు ఏ పెట్టె విప్పినా డిస్కు వరుస చూడను. దాని మీద కంపెనీ అచ్చువేసిన పొడుగాటి నంబరు పైకి చదువుతాను, తెర మీద దానితో సరిచూస్తాను, వేలు ఆనించి అదురు చూస్తాను. అప్పుడే లాగుతాను. దుకాణాల్లో కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

సిస్టరమ్మ పోయాక కూడా ఆ ఊళ్ళు తిరగడం మానలేదు. నేనొక్కణ్ణీ సంపాదించినవి రెండు వందల నలభై ఒకటి. ఇంకా రావలసినవి మూడు వందల ఎనభై ఆరు. ఆ జాబితాలో మొదటి పేరు దాసయ్యది.