షేరు కాగితానికి దిష్టిచుక్క

దిష్టి తగులుతుందన్న భయంతో ఒక కాగితాన్ని నా చేతుల్తో నేనే హత్య చేసిన వైనం చెబుతాను. నవ్వండి, పరవాలేదు. మా ఊరు చోడవరం ఎప్పుడో నవ్వేసింది, మీరే మిగిలారు.

పంతొమ్మిదివందల యాభైల్లో మాట. మా ఆవిడ అన్న, అంటే మా బావ సూర్నారాయణ, మూతపడ్డ గనుల కంపెనీల పాత షేరు కాగితాలు పోగుచేసేవాడు. పొద్దు వాలితే ఊరంతా వాళ్ల అరుగు మీదే.

"ఈ మాంగనీసు కంపెనీ దొరగారి టోపీ గనిలో పడిపోనాదిరా. దాన్ని తియ్యడానికి తవ్వితే నీళ్లు పడ్డాయి. కంపెనీ మునిగిపోనాది" అంటూ ఒక్కో కాగితానికీ ఒక్కో కథ చెప్పేవాడు. నా అరుగు మీద మేక పడుకునేది. నా కడుపులో బెల్లం వండే పొయ్యి మండేది.

చివరికి నాకూ ఒకటి దొరికింది. అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడి పెట్టె అడుగున పరిచి ఉంది. బంగారు గని షేరు. చుట్టూ లతలు, మధ్యన ఏనుగు, దాని కాళ్ల దగ్గర ఛైర్మన్ సంతకం. కంపెనీ చరిత్ర కూడా ఆరా తీశాను. షేర్లన్నీ అమ్ముకుని, ఒక్క గొయ్యి తవ్వకుండా మూసేశారట. బావ దగ్గర ఇలాంటిది లేదు.

ఇలాంటివే సేకరించే ప్లీడరుగారొకరు విశాఖపట్నం నుంచి బావ ఇంటికి వస్తున్నారని తెలిసి, నా షేరు సంగతి కబురు పెట్టాను. "అయితే రేపు కాఫీ మీ అరుగు మీదే" అని ఆయన తిరుగు కబురు పంపారు. ఆ సాయంత్రమే బావ వచ్చి నా కాగితాన్ని తదేకంగా చూశాడు.

"బాగుంది బావా. సాలా బాగుంది."

ఆ రెండో "బాగుంది" నాకు నచ్చలేదు. అతను గడప దాటగానే కాటుక డబ్బీ తీశాను.

"కాగితానికి కాటుకేటండీ? అదేటి, సంటిపిల్లా?" అంది మా ఆవిడ.

"మీ అన్న సూపు సూసేవా? పాలిచ్చే గేదైనా ఒట్టిపోద్ది."

"మా అన్న సూపుకేటొచ్చింది? మీ సూపే ఎప్పుడూ ఆళ్ల అరుగు మీదుంటాది."

వినలేదు. సంతకం పక్కన మిరియపు గింజంత చుక్క పెట్టి, పటం కట్టి అద్దం బిగించాను. ఆముదం దీపానికి పట్టిన కాటుక అది. నూనె అద్దం కింద పాకిపాకి, తెల్లారేసరికి ఛైర్మన్ సంతకాన్నీ ఏనుగు కాళ్లనీ మింగేసింది.

బావను వెంటబెట్టుకుని వచ్చిన ప్లీడరుగారు భూతద్దం పెట్టి చూశారు. "ఈ నల్లటిదేమిటండీ?"

బావే అందుకున్నాడు.

"కంపెనీవోళ్లు తవ్వని గొయ్యండి బాబూ. మా బావ తవ్వేడు."

కాఫీ బావ అరుగు మీదే తాగారు. గ్లాసులు మోసుకెళ్లింది మా ఆవిడే.

అప్పుడే తూర్పుకు తిరిగి, చెయ్యెత్తి ప్రమాణం చేశాను: బొడ్డూడని పిల్లలకు తప్ప ఈ లోకంలో దేనికీ నా చేత్తో కాటుక పెట్టను. బావను చూసి ఏడవడం మానతానని మాత్రం అనలేదు.