స్టెల్లా చెప్పిన సముద్రం

ఓడలరేవులోనే పుట్టి, ఓడలరేవులోనే మెట్టి, యాభై రెండేళ్లుగా సముద్రపు హోరు వింటూ జాకెట్లు కుట్టుకుంటున్న ఎలీసమ్మకి ఇంకొకరి సముద్రం మీద కన్ను పడిందంటే నవ్వొస్తుంది గానీ, పడింది. ఆ ఇంకొకరు పరాయివాళ్లయినా సరిపెట్టుకునేది. సొంత తోటికోడలు స్టెల్లా అయిపోయింది.

నిరుడు స్టెల్లా, ఆమె భర్త శ్యామ్ బాబు మాస్టారు చెన్నపట్నం చూసొస్తామని వెళ్లి రెండు నెలలు ఉండిపోయారు. వాళ్ల చర్చిలో ఒక అలవాటుంది. దూరప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చిన ఆడమనిషి శుక్రవారం స్త్రీల కూడికలో లేచి, చూసినవన్నీ చెప్పి, దేవుడికి కృతజ్ఞత చెల్లించాలి. స్టెల్లా లేచింది. తెల్లవాళ్లనాటి కోట, ఎర్రటి కోర్టు మేడలు, శాంథోమ్ చర్చి తెల్లటి శిఖరం, సంగీత కచేరీలు, లైట్‌హౌసు, అన్నీ చెప్పింది. గది కిటికీ తీస్తే సముద్రమట. సాయంత్రమైతే ఆ నీళ్లలోకి సూర్యుడు మెల్లగా దిగిపోతాడట.

"ఫొటోలేవమ్మా?" అన్నారెవరో.

"ఫోను నీళ్లలో పడిపోయిందండీ," అంది స్టెల్లా.

అందరూ అయ్యో అన్నారు. ఎలీసమ్మకి మాత్రం కడుపు మండిపోయింది. అప్పటిదాకా ఆ కూడికలో ఎలీసమ్మ విజయవాడ ప్రయాణమే పెద్ద ప్రయాణం. పదేళ్లపాటు చెప్పుకున్న విజయవాడ ఒక్క శుక్రవారంతో పాతబడిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. పెళ్లయిన నాటి నుంచీ ఎలీసమ్మ చేతే జాకెట్లు కుట్టించుకున్న స్టెల్లా, ఆ ప్రయాణం తరవాత ఒక్క గుడ్డ కూడా ఇవ్వలేదు. అమలాపురంలో కొన్న వదులు జాకెట్లు వేసుకుని తిరుగుతోంది. చెన్నపట్నం గాలి తగిలాక తోటికోడలి కుట్టు కంటికి ఆనుతుందా, అని మిషను తొక్కుతూ రోజూ పళ్లు నూరుకునేది.

ఏడాదిపాటు మొగుణ్ణి నిలవనివ్వలేదు, కూర్చోనివ్వలేదు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ప్రభాకరరావుకి ప్రయాణమంటేనే విసుగు. అయినా ఇంట్లో శాంతి కోసం రాజమండ్రిలో రైలెక్కించాడు. తమ్ముడు వెళ్లేటప్పుడు అవసరానికని ఇచ్చిన లాడ్జీ నంబరు ఆయన దగ్గరుంది. అక్కడే దిగాలని ఎలీసమ్మ పట్టు. స్టెల్లా చూసిన సముద్రాన్ని స్టెల్లా కిటికీలోంచే చూడాలి.

గదిలోకి వెళ్తూనే సంచి కింద పెట్టకుండా కిటికీ తీసింది. ఎదురుగా ఆరంతస్తుల ఆస్పత్రి గోడ.

"ఏవండీ, సముద్రం ఏదండీ?" అంది. ఆ గొంతులో సంతోషం చూసి ప్రభాకరరావుకి భయమేసింది.

సాయంత్రం మెరీనా బీచికి వెళ్లారు. సూర్యుడు సముద్రం వైపు కన్నెత్తి కూడా చూడకుండా, వెనకాల మేడల చాటుకి పోయాడు. పోడా మరి! ఓడలరేవులో రోజూ పొద్దు పొడిచేది ఈ సముద్రంలోంచే. ఆ మాట ఊళ్లో చంటిపిల్లకైనా తెలుసు. అసూయ పట్టిన వాళ్లకీ, వింతలు వినేవాళ్లకీ దిక్కులు గుర్తుండవు.

"దొరికిందండీ దొంగ! ఇది అసలు ఇక్కడికి రానేలేదండీ."

"పోనిద్దూ. దానితో మనకేం పని?"

"ఎందుకు పోనియ్యాలండీ? శుక్రవారం రానివ్వండి, చెప్తాను."

అంత పెద్ద సముద్రం ముందు కూర్చుని ఎలీసమ్మ సముద్రాన్ని చూడలేదు. శుక్రవారం స్టెల్లాని నలుగురిలో ఎలా నిలబెట్టాలో మాటలు కూర్చుకుంటూ, పొట్లంలో శనగలన్నీ తినేసింది.

మర్నాడు ఉదయం లాడ్జీ మేనేజరు ఆధార్ కార్డు తిరిగిస్తూ ఆగాడు. నెల్లూరు వైపు మనిషి, తెలుగువాడే.

"ఓడలరేవా అమ్మా? స్టెల్లమ్మగారి ఊరు! ఎట్టున్నారమ్మా ఆమె? మీ గదే వాళ్లది. ఎదురాస్పత్రిలో కేన్సరు ఆపరేషనయ్యాక కరెంటు పెట్టించుకోడానికి రోజూ పోయొచ్చేవారు. మిగతా పొద్దంతా ఆ కిటికీ కాడే. బీచి పావుగంటే, చూసి రండమ్మా అంటే ఓపిక లేదనేవారు. ఈ ఊళ్లో ఏమేముండాయో చెప్పండి, మావాళ్లకి చెప్పుకోవాలి అని నన్నే అడిగేవారు."

కోట, కోర్టు, కచేరీలు, అన్నీ మేనేజరు చెప్పినవే. ఒక్క సూర్యుణ్ణి మాత్రం స్టెల్లా సొంతంగా కల్పించుకుంది.

ఎలీసమ్మ గదిలోకి వెళ్లి ఆ కిటికీ దగ్గర కూలబడింది. స్టెల్లా జాకెట్లు ఇవ్వడం ఎందుకు మానేసిందో అప్పుడర్థమైంది. మనిషికి అబద్ధం చెప్పొచ్చు గానీ, కొలత టేపుకి చెప్పలేరు. ఏడుపొచ్చింది. దాని వెనకే, సిగ్గు లేకుండా, మళ్లీ కుళ్లు కూడా వచ్చింది. ముక్కూమొహం తెలియని మేనేజరుకి తెలిసింది గానీ, ఇరవై ఏళ్లు ఒళ్లు కొలిచిన తనకి తెలియలేదు.

శుక్రవారం వచ్చింది. వాళ్లు ఏ లాడ్జీలో దిగారో స్టెల్లాకి అప్పటికే తెలిసింది. చివరి వరసలో తల వంచుకుని, పమిట అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఎలీసమ్మ లేచింది. "ఏం చెప్పనండీ! మా స్టెల్లా సగమే చెప్పిందండీ మీకు," అంది. స్టెల్లా వేలు ఆగిపోయింది. "కిటికీ తీస్తే సముద్రమేనండి. సాయంత్రం సూర్యుడు ఆ నీళ్లలోకే దిగిపోతాడండి."

ఈ ఏడే ఊరికి బదిలీ మీదొచ్చిన జెస్సీ టీచరు ఉండబట్టలేక లేచింది. "అదేంటండీ ఎలీసమ్మగారూ, అక్కడ సముద్రం తూర్పున కదండీ ఉంట?"

"మీరెళ్లేరాండీ?"

"లేదండీ."

"నేనెళ్లేనండి. దిగేడండి."

టీచరు కూర్చుంది. ఎలీసమ్మ స్టెల్లా వైపు చూడకుండా ప్రార్థనకి కళ్లు మూసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మిషను ముందు నీడ పడింది. స్టెల్లా. చేతిలో ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ.

"కొలత మారిందక్కా," అంది.

ఎలీసమ్మ ఆ గుడ్డ లాక్కుంది. "ఏడాది పట్టిందా నీకు, నాలుగిళ్లు దాటి రావడానికి?" అని, లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి, మెడలో టేపు తీసింది.